నీటికి గోడ కట్టిన కానూరి లక్ష్మణరావు

హైదరాబాదు నుండి నాగార్జునసాగరానికి పోయే రహదారి రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం మీదుగా సాగుతుంది. తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడని కీర్తి గడించిన గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా పేరు ఆ ఊరిలో నిలిచి ఉంది. ఆయన కాలంలో, అనగా పదహారవ శతాబ్దంలో, అక్కడ ఒక పెద్ద చెరువు ఏర్పడింది. చెరువుకట్ట చూపునకు మట్టిదిబ్బ వలె కనిపించినా అది చేసే పని గోడ పని. ఒకవైపు నీటిని ఆపుతుంది; మరొకవైపు పొలాలను, ఇళ్లను, వాటిలో నిద్రించే మనుషులను కాపాడుతుంది. ఆనాడు ఆ కట్టలు వేసినవారికి అనుభవం ఉంది, చేతి నేర్పు ఉంది. కట్ట ఎంత బలమైనదో ముందుగా కొలిచి చూసే సాధనం మాత్రం లేదు. వానాకాలంలో వచ్చే వరదే వారికి పరీక్ష. ఆ పరీక్షలో కట్ట ఓడిపోతే తెలుసుకొనేందుకు దిగువన ఎవరూ మిగలకపోవచ్చు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు ఎగువనున్న అనేక చెరువుకట్టలు వరుసగా తెగి, ఆ నీరంతా హైదరాబాదు నగరం మీద పడి, వేలాది ప్రాణాలు పోయాయి.

అదే రహదారి వెంట దక్షిణంగా సాగిపోతే చివరకు కృష్ణానదికి అడ్డంగా నిలిచిన మరొక గోడ కనిపిస్తుంది. దాని ఎత్తు సుమారు 124 మీటర్లు. అంత ఎత్తున రాతితో కట్టిన ఆనకట్ట ప్రపంచంలో మరొకటి లేదని ప్రసిద్ధి. ఇబ్రహీంపట్నం కట్టకూ ఈ ఆనకట్టకూ మధ్య నాలుగు వందల సంవత్సరాల కాలం గడిచింది. ఆ కాలంలో గోడలు ఎత్తు పెరిగాయి. అంతకంటె ముఖ్యంగా, గోడ నిలుస్తుందో లేదో కట్టకముందే లెక్కించి, కడుతున్నప్పుడు పరీక్షించి తెలుసుకొనే శాస్త్రం పుట్టింది. ఆ శాస్త్రాన్ని అభ్యసించి, బోధించి, గ్రంథస్థం చేసి, దేశంలోని మహానదుల మీద ప్రయోగించిన తెలుగువాడు డాక్టర్ కానూరి లక్ష్మణరావు. లోకానికి ఆయన డాక్టర్ కె.ఎల్. రావుగా పరిచితులు.

లక్ష్మణరావు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో ఒక మధ్యతరగతి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. తండ్రి గ్రామ కరణం. కంకిపాడు విజయవాడకు చేరువలో, కృష్ణా కాలువల నీటితో పండే సీమలో ఉంది. పంతొమ్మిదవ శతాబ్దం మధ్యలో విజయవాడ వద్ద కట్టిన ఆనకట్ట ఆ సీమకు ప్రాణాధారం. కాలువలో నీరు వస్తే పంట, రాకపోతే పస్తు అన్న సత్యం అక్కడి పిల్లలకు బడిలో చెప్పవలసిన పాఠం కాదు. ఆ ఇంటిలో మాత్రం కష్టం త్వరగానే ప్రవేశించింది. లక్ష్మణరావుకు తొమ్మిదేళ్లు నిండేసరికి తండ్రి మరణించారు. బడిలో చదువుకొనే రోజుల్లో ఆటలో తగిలిన గాయం వలన ఒక కంటి చూపు పోయింది. సన్నని గీతలతో కూడిన పటాలను గంటల తరబడి చూడవలసిన వృత్తిని ఆయన ఎన్నుకొన్నది ఒంటి కంటి చూపుతోనే. ఈ విషయాన్ని ఆయన జీవితం రాసినవారు ఒక్క వాక్యంలో దాటవేస్తుంటారు. రోజంతా పటాల ముందు కూర్చున్నవారికే అందులోని భారం తెలుస్తుంది.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఇంజనీరింగు పట్టా పొందారు. ఆ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగులో మాస్టర్స్ పట్టా అందుకొన్న మొదటి విద్యార్థి ఆయనే. అటుపిమ్మట బర్మాలోని రంగూనులో ఆచార్యులుగా పనిచేశారు. ఇంగ్లండు వెళ్లి బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన సాగించి 1939లో డాక్టరేటు సాధించారు. కొంతకాలం ఆ దేశంలోనే సహాయ ఆచార్యులుగా బోధించారు. నిర్మాణ ఇంజనీరింగును, ఉక్కు కాంక్రీటును గూర్చి గ్రంథం రచించారు.

ఉక్కు కాంక్రీటు అప్పటికి ఇంకా నడివయసు రాని విద్య. రాయి, ఇటుక మనిషికి వేల సంవత్సరాలుగా తెలుసు. సిమెంటు, ఇసుక, కంకర కలిపి పోసిన ముద్దలో ఇనుప ఊచలు పెట్టి కట్టే పద్ధతి పంతొమ్మిదవ శతాబ్దంలోనే వ్యాప్తిలోకి వచ్చింది. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, లాగుడుకు బలహీనం. ఇనుము లాగుడును భరిస్తుంది. ఈ రెండింటి పొత్తు మీదనే నేటి నిర్మాణాలన్నీ నిలిచి ఉన్నాయి. అయితే ఊచ ఉండవలసిన చోట ఉంటేనే ఆ పొత్తు ఫలిస్తుంది. పోత పూర్తయిన తరువాత ఊచ కంటికి కనిపించదు. గోడ బయటకు నున్నగా, తెల్లగా, అందంగా ఉండవచ్చు. లోపల ఏమున్నదో దాని ముఖం చెప్పదు. అందువల్ల ఈ విద్యలో లెక్కించడం, రూపకల్పన చేయడం అనే రెండు పనులకు తోడు పరీక్షించడం అనే మూడవ పని తప్పనిసరి అయింది.

మట్టిని నిలువరించే గోడను ఉదాహరణగా తీసుకొంటే ఈ విషయం స్పష్టమవుతుంది. దీనిని ఇంజనీర్లు రిటైనింగ్ గోడ అంటారు. గుట్టను తొలిచి రోడ్డు వేసినా, వంతెనకు ఎత్తుగా దారి పోసినా, నదికి కరకట్ట కట్టినా ఈ గోడ అవసరం. ఇంటి గోడ పైకప్పు బరువును మోస్తుంది. రిటైనింగ్ గోడను మాత్రం వెనుకనున్న మట్టి రాత్రింబగళ్లు పక్కకు నెడుతూ ఉంటుంది. ఈ నెట్టుడు ఎంత అన్న ప్రశ్నకు మొదట శాస్త్రీయంగా సమాధానం చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు సైనిక ఇంజనీరు కూలూం. విద్యుచ్ఛక్తి పాఠాల్లో విద్యార్థులు చదివే కూలూం ఆయనే. కోటగోడల వెనుక పోసిన మట్టిని గూర్చిన ఆ పరిశోధన 1776లో వెలువడింది. తరువాత 1857లో రాంకిన్ దానికి మరొక సులభమైన రూపం ఇచ్చాడు. వారి లెక్క ప్రకారం పొడి ఇసుక తన బరువులో సుమారు మూడో వంతు బలంతో పక్కకు నెడుతుంది. మూడు మీటర్ల ఎత్తున్న గోడ మీద, పొడవులో ప్రతి మీటరుకూ, ఆ బలం మూడు టన్నులకు కొంచెం లోపు ఉంటుంది. అదే మట్టిలో వాన నీరు చేరి బయటకు పోయే దారి లేక నిలిచిపోతే, ఆ బలం ఆరు టన్నుల దరిదాపుకు పెరుగుతుంది. గోడ అదే, మట్టి అదే. నీరు చేరడంతో భారం రెట్టింపు దాటింది. అందుకే గోడలకు అక్కడక్కడ నీరు కారే రంధ్రాలు ఉంచుతారు. వాటిని అందం కోసం పూడ్చివేసే వారూ ఉన్నారు!

ఇటువంటి గోడ పడిపోయే తీరులు పలురకాలు. మొత్తం గోడ ముందుకు బోర్లా పడవచ్చు. పునాదితో సహా ముందుకు జారవచ్చు. కింది నేల మెత్తబడి కుంగవచ్చు. లేదా గోడ నిలిచి ఉండగానే నడుము దగ్గర విరగవచ్చు. జారడానికి గోడకు ఉన్న నిరోధం జార్చే బలానికి కనీసం ఒకటిన్నర రెట్లు, బోర్లా పడకుండా ఆపే శక్తి పడదోసే శక్తికి రెండు రెట్లు ఉండాలని సంప్రదాయంగా వచ్చిన నియమం. ఎత్తు రెట్టింపు అయితే నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. పడదోసే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఎత్తు పెంచడం కాగితం మీద సులభమే కాని, గోడకు అది ఎంత బరువో ఈ లెక్క చెబుతుంది.

ఇక నడుము దగ్గర విరిగే ప్రమాదం సంగతి. మట్టి వెనుక నుండి నెట్టినప్పుడు గోడ ముందుకు వంగుతుంది. అప్పుడు మట్టివైపు ముఖం లాగుడుకు గురి అవుతుంది. కనుక ప్రధానమైన ఊచలు మట్టివైపే ఉండాలి. నిర్మాణ స్థలంలోనే పోత పోస్తే మేస్త్రీ దృష్టి దాని మీద ఉంటుంది. వేరొక చోట అచ్చులలో పోసి, గట్టిపడిన తరువాత లారీలో తెచ్చి నిలిపే ప్రీకాస్ట్ పలకల విషయంలో మరికొంత జాగ్రత్త కావాలి. పలకను వెనుకది ముందుకు తిప్పి నిలిపితే ఊచలు అవసరం లేని వైపునకు పోతాయి. బయటి చూపునకు పలకలో ఏ తేడా ఉండదు. తొలి పెద్ద వానకు ఆ తేడా బయటపడుతుంది. ప్రీకాస్ట్ పలకకు మరొక కష్టం కూడా ఉంది. గోడగా నిలవకముందే దానికి మొదటి పరీక్ష ఎదురవుతుంది. కాంక్రీటు ఇంకా పూర్తి బలం పుంజుకోక ముందే దానిని అచ్చు నుండి లేపుతారు. కొక్కేలకు తగిలించి గాలిలో వేలాడదీస్తారు. అప్పుడు దాని మీద పడే బలాలకూ, తరువాత మట్టి వల్ల పడే బలాలకూ పోలిక ఉండదు. ఆ దశలో ఏర్పడిన సన్నని పగులు జీవితాంతం ఉండిపోయి, దాని గుండా నీరు ఊచలకు చేరి తుప్పు పట్టిస్తుంది.

కనుక పరీక్షలు పోత నాటి నుండే మొదలవుతాయి. కలిపిన కాంక్రీటు ఎంత జారుగా ఉన్నదో చూడడానికి ముప్పై సెంటీమీటర్ల ఎత్తున్న శంకువు ఆకారపు పాత్రలో నింపి, పాత్రను పైకి లాగి, ముద్ద ఎంత కుంగిందో కొలుస్తారు. అదే కాంక్రీటును పదిహేను సెంటీమీటర్ల ఘనాకారపు అచ్చులలో పోసి, నీటిలో ఉంచి, ఏడవ రోజున కొన్నింటిని, ఇరవై ఎనిమిదవ రోజున కొన్నింటిని యంత్రంలో పెట్టి పగిలే వరకు నొక్కుతారు. ఎం20 అని పిలిచే సాధారణ రకం కాంక్రీటు దిమ్మ పగలకుండా సుమారు నలభై అయిదు టన్నుల బరువును తట్టుకోవాలి. పలకనే పరీక్షించవలసి వస్తే దానిని పడుకోబెట్టి, మట్టి ఒత్తిడిని అనుకరిస్తూ, పునాది చివరన ఎక్కువగా, పై చివరన తక్కువగా ఇసుక బస్తాలు పేర్చి, ఎంత వంగిందో గడియారం వంటి కొలత సాధనంతో చూస్తారు. బరువు ఎత్తిన తరువాత పలక తిరిగి ఎంతవరకు నిటారుగా వస్తుందో చూడడం ఇందులో కీలకం. నిర్మాణాల భార పరీక్షకు భారతీయ ప్రమాణం విధించిన నియమం ప్రకారం బరువును ఇరవై నాలుగు గంటలు ఉంచాలి. తీసివేసిన ఇరవై నాలుగు గంటలలో వంపులో కనీసం 75 శాతం తిరిగి సర్దుకోవాలి. అలా సర్దుకోకపోతే మరల పరీక్షించాలి. ఎంత వంగింది అన్నదానితో పాటు ఎంత కోలుకొన్నది అన్నదానిని కూడా అడిగే ఈ పద్ధతి నిర్మాణాన్ని ఒక ప్రాణిగా చూసినట్లు తోస్తుంది.

ఈ విద్యను విదేశాల్లో బోధించి స్వదేశానికి తిరిగి వచ్చిన లక్ష్మణరావు మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరుగా చేరారు. గోదావరి మీద పోలవరం వద్ద రామపాదసాగరం కట్టాలన్న ప్రతిపాదన చర్చలో ఉన్న కాలమది. నది అడుగున ఇసుక చాలా లోతుగా ఉండి, గట్టి రాయి అందకపోవడం ఆ ప్రతిపాదనకు ఎదురైన పెద్ద చిక్కు. గోడ ఎంత గట్టిదైనా కింది నేల సంగతి తేలనిదే ముందుకు పోరాదని అటువంటి ప్రతిపాదనలే నేర్పాయి. ఆ తరువాత ఆయన ఢిల్లీ చేరి కేంద్ర జల, విద్యుత్ కమిషనులో 1950లో డిజైన్ల డైరెక్టరుగా, 1954లో చీఫ్ ఇంజనీరుగా నియమితులయ్యారు. మట్టిని కూడా ఉక్కు వలె, కాంక్రీటు వలె ప్రయోగశాలలో పరీక్షించాలన్న మృత్తికా యాంత్రిక శాస్త్రం అప్పుడప్పుడే ప్రపంచమంతటా వేళ్లూనుకొంటున్నది. ఆ శాస్త్రానికి చెందిన అంతర్జాతీయ సంఘానికి ఆయన 1957 నుండి 1961 వరకు ఉపాధ్యక్షులుగా వ్యవహరించారు. కేంద్ర నీటిపారుదల, విద్యుత్ మండలికి 1958 నుండి 1961 వరకు అధ్యక్షులుగా ఉన్నారు.

ఇంతలో ఆయన పుట్టిన సీమలోనే ఒక హెచ్చరిక వినబడింది. విజయవాడ వద్ద శతాబ్దం నాటి ఆనకట్ట 1952లో తెగింది. డెల్టా రైతులకు గుండె ఆగినంత పని అయింది. దాని స్థానంలో 1954లో మొదలుపెట్టి 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ నిర్మించారు. అయితే కృష్ణ నీరు కడలి పాలు కాకుండా నిలవాలంటే ఎగువన పెద్ద జలాశయం తప్పదు. నల్లగొండ, గుంటూరు జిల్లాల నడుమ నందికొండ వద్ద అందుకు అనువైన చోటు ఉన్నది. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ అక్కడ నాగార్జునసాగర్ నిర్మాణానికి శంకుస్థాపన చేశారు. ఆ ఆనకట్ట రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించినవారు లక్ష్మణరావు.

ఆనాడు పెద్ద ఆనకట్ట అనగానే కాంక్రీటు, భారీ యంత్రాలు గుర్తుకువచ్చేవి. సట్లెజ్ మీద భాక్రా ఆనకట్ట ఆ విధంగానే లేస్తున్నది. విదేశాల నుండి యంత్రాలు, నిపుణులు వచ్చారు. నాగార్జునసాగరానికి కూడా అదే దారి పట్టవచ్చు. కాని దేశంలో సిమెంటు కొరత ఉంది. విదేశీ మారకద్రవ్యం అంతకంటె కొరత. ఇక్కడ సమృద్ధిగా ఉన్నవి రెండు: రాయి, పని కోసం ఎదురుచూసే చేతులు. రాతి కట్టడంతోనే ఆనకట్ట లేపాలన్న నిర్ణయం వెనుక ఈ ఆలోచన ఉంది. వినడానికి ఇది సులభంగా కనిపించినా ఇంజనీరుకు ఇది పెద్ద సాహసం. రాతి ఆనకట్టలు దేశానికి కొత్త కావు. ఆ ఎత్తున రాతి ఆనకట్ట కొత్త. 124 మీటర్ల లోతు నీరు నిలిచిందనుకొంటే గోడ అడుగున ప్రతి చదరపు మీటరు మీద 124 టన్నుల ఒత్తిడి పడుతుంది. పొడవులో ఒక్కొక్క మీటరును ఆ నీరు నెట్టే మొత్తం బలం 7,688 టన్నులు. గోడ పొడవు దాదాపు కిలోమీటరున్నర. ఇంతటి బలాన్ని ఊచల సాయం లేకుండా, కేవలం తన బరువుతో నిలువరించవలసిన గోడ అది.

పైగా నీరు ముందు నుండి నెట్టి ఊరుకోదు. పునాది సందులలోకి చేరి గోడను కింది నుండి పైకి లేపజూస్తుంది. ఫ్రాన్సులో బూజే ఆనకట్ట 1895లో కూలడానికి, ఈ పైకిలేపే ఒత్తిడిని లెక్కలోకి తీసుకోకపోవడమే ముఖ్య కారణమని ఇంజనీర్లు గ్రహించారు. మన దేశంలో గ్వాలియరు సమీపాన తిగ్రా ఆనకట్ట 1917లో పునాదిలోకి నీరు చొచ్చినందువల్ల తెగింది. అందుచేత పెద్ద ఆనకట్టల లోపల సొరంగాల వంటి గ్యాలరీలు ఉంచి, పునాదిలోకి రంధ్రాలు తొలిచి, చేరిన నీరు బయటకు పోయే మార్గం కల్పిస్తారు. గోడ మీద పడే బలాలన్నింటి ఫలితం పునాది వెడల్పులో మధ్య మూడో వంతు లోపల పడేటట్లు చూస్తారు; అప్పుడే రాతి కట్టడంలో ఎక్కడా లాగుడు ఏర్పడదు. రాతి కట్టడానికి ఆయువుపట్టు రాయి కాదు, రాళ్ల నడుమ సున్నితంగా కూరిన గచ్చు. అందుకే గచ్చు దిమ్మలను ఎప్పటికప్పుడు యంత్రంలో నొక్కి చూడడం, కట్టిన భాగంలో రంధ్రం తొలిచి నీరు ఎక్కించి ఎంత ఇంకుతున్నదో కొలవడం ఇటువంటి నిర్మాణాలలో నిత్యకృత్యం.

వేలాది మంది స్త్రీపురుషులు కర్రల పరంజాల మీదుగా రాళ్లు మోసి ఆ గోడను లేపారు. పనిలో ప్రాణాలు కోల్పోయినవారూ ఉన్నారు. వారి పేర్లు ఆనకట్ట చరిత్రలో పెద్దగా కనిపించవు. జలాశయం కింద నాగార్జునకొండ లోయ మునిగిపోయింది. ఆచార్య నాగార్జునుని పేరుతో ప్రసిద్ధమైన ఆ ప్రాచీన బౌద్ధక్షేత్రంలో పురావస్తు శాఖ 1954 నుండి 1960 వరకు తవ్వకాలు జరిపి, దొరికినవాటిలో ముఖ్యమైనవాటిని కొండపైకి తరలించింది. లోయలోని ఊళ్లవారు తమ ఇళ్లను విడిచి వెళ్లారు. చేతిపనితో కట్టినందువల్ల కాలం ఎక్కువే పట్టింది. 1967 ఆగస్టు 4న ప్రధాని ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు; శిఖరద్వారాలు అమర్చే పని 1974 వరకు సాగింది. యంత్రాలతో ఇంకా త్వరగా ముగించి ఉండవచ్చునన్న విమర్శలో కొంత నిజం లేకపోలేదు. అయితే కూలి డబ్బు ఈ నేల మీదనే ఖర్చయింది. కుడివైపున పల్నాడు, ఎడమవైపున నల్లగొండ, ఖమ్మం ప్రాంతాలలోని మెట్టనేలలు తడిశాయి.

కాలువలు పారేనాటికి లక్ష్మణరావు ఇంజనీరు కొలువులో లేరు. 1962లో విజయవాడ నియోజకవర్గం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1967లోనూ, 1971లోనూ అక్కడి ప్రజలు ఆయననే ఎన్నుకొన్నారు. 1963లో పద్మభూషణ్ పురస్కారం లభించింది. అదే సంవత్సరం నెహ్రూ మంత్రివర్గంలో చేరి, లాల్‌బహదూర్ శాస్త్రి, ఇందిరాగాంధీ ప్రభుత్వాలలోనూ కొనసాగి, 1973 వరకు నీటిపారుదల, విద్యుత్ వ్యవహారాలు నిర్వహించారు. మంత్రికి శాఖాధికారులు పటం తెచ్చి చూపితే సంతకం చేయడం పరిపాటి. ఆ పటంలోని గీతలను స్వయంగా చదవగల మంత్రి ఎదురవడం అధికారులకు కొత్త అనుభవమై ఉండాలి.

ఆ పదవీకాలంలోనే ఎవరూ కోరని ఒక పరీక్ష వచ్చింది. మహారాష్ట్రలో 103 మీటర్ల ఎత్తున్న కొయినా ఆనకట్ట అప్పటికి కట్టి ఎన్నో ఏళ్లు కాలేదు. దక్షిణ పీఠభూమి భూకంపాలకు లోనుకాని గట్టి నేల అన్నది నాటి సాధారణ అభిప్రాయం. అయినా రూపకర్తలు కొంత అదురును లెక్కలోకి తీసుకొన్నారు. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున, లోకం నిద్రలో ఉండగా, వారు ఊహించినదానికి ఎన్నో రెట్లు తీవ్రతతో అక్కడ భూమి కంపించింది. కొయినానగర్ ఇళ్లు నేలమట్టమై వందకు మించి మనుషులు మరణించారు. ఆనకట్ట పై భాగంలో, దాని వాలు మారే చోట, ముందువైపునా వెనుకవైపునా అడ్డంగా పగుళ్లు ఏర్పడ్డాయి. వెనుక జలాశయం ఉంది. ఆ పూట గోడ కూలి ఉంటే దిగువ లోయ గతి ఏమయ్యేదో ఊహించడానికి కూడా భయం కలుగుతుంది. గోడ నిలిచింది. పగుళ్లను పూడ్చి, తరువాతి సంవత్సరాలలో ఎత్తైన భాగాలకు వెనుకవైపున కాంక్రీటు ఆనుగోడలు చేర్చి దానిని బలపరచారు. ప్రపంచంలో ఆనకట్టల భూకంప నిరోధాన్ని గూర్చి రాసే ఏ గ్రంథమైనా కొయినాను ప్రస్తావించక తప్పదు. మన దేశంలో భూకంప తీవ్రతల పటం తిరగరాయవలసి వచ్చింది. లెక్క ఎంత జాగ్రత్తగా చేసినా, లెక్కలో పెట్టవలసిన అంకె తెలియకపోతే గోడకు రక్షణ ఉండదని అధికారులకు, ఇంజనీర్లకు ఒకేసారి తెలిసివచ్చింది.

ఆయన ఆలోచనలలో అత్యంత విస్తృతమైనది గంగా కావేరీ అనుసంధానం. పాట్నా సమీపంలో గంగ వరదజలాలను 60,000 క్యూసెక్కుల మేరకు ఎత్తిపోసి, 2,640 కిలోమీటర్ల మార్గాన దక్షిణాదికి తరలించాలని 1972లో ఆయన ప్రతిపాదించారు. నీటిని ఎత్తడానికి కావలసిన విద్యుత్తు, అయ్యే వ్యయం అపారమని కేంద్ర నిపుణులు దానిని పక్కన పెట్టారు. ఆ అభ్యంతరాలు నిరాధారమైనవి కావు. అయినా నదుల అనుసంధానాన్ని గూర్చి 1982లో జాతీయ జలాభివృద్ధి సంస్థ ఏర్పడినప్పుడు, ఆ చర్చకు మూలం ఎక్కడున్నదో అందరికీ తెలుసు. పదవి వీడిన తరువాత లక్ష్మణరావు కలం పట్టారు. భారతదేశ జలసంపదను గూర్చి ఇంగ్లీషులో ఆయన రచించిన గ్రంథం 1975లో వెలువడింది. అనంతరం ఆత్మకథ కూడా రాశారు. దాని పేరులోనూ క్యూసెక్కులు ఉన్నాయి!

1986 మే 18న లక్ష్మణరావు కన్నుమూశారు. నాగార్జునసాగరానికీ ప్రకాశం బ్యారేజీకీ నడుమ, పులిచింతల వద్ద కృష్ణ మీద కట్టిన ప్రాజెక్టుకు ప్రభుత్వం ఆయన పేరు పెట్టింది. 2004లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు 2013 డిసెంబరులో జాతికి అంకితమైంది. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున, వరద నీరు వదులుతుండగా, దాని పదహారవ గేటు ఊడి కొట్టుకుపోయింది. ఆ ఖాళీలో అడ్డు పలకలు దించడానికి జలాశయంలోని నీటిని చాలావరకు దిగువకు వదలవలసి వచ్చింది. నది వెంబడి లంకల వారిని, లోతట్టు వారిని అప్రమత్తం చేశారు. ఇంజనీర్లు గేటును పట్టి ఉంచిన భాగాలను ఒక్కొక్కటిగా తిరిగి పరిశీలించడం ఆరంభించారు.